నేల తాకని బంతి

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకల్లా ఆదివారం పోటీలకు ఐదుగురి పేర్లు గుంటూరుకు పంపాలి. యేసుపాదం మాస్టారి చేతిలో కాయితం మధ్యాహ్నం నుంచీ ఖాళీగానే ఉంది.

తంగేళ్లపాలెంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఉందంటే పక్క ఊళ్లవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన యేసుపాదం గారు పన్నెండేళ్ల కిందట ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి సిమెంటు కోర్టు వేయించారు. దారం పట్టి, గీతలన్నీ తన చేత్తోనే వేశారు. ఊళ్లో అంత నున్నటి నేల కనపడ్డాక మిరప రైతులు ఊరుకుంటారా? ఆ ఏడు కోతలు మొదలైన వారానికే సగం కోర్టు ఆరబోసిన కాయలతో ఎర్రబడింది. అప్పట్నుంచీ అదే వరస, ఒక ఏడు ఈ సగం, ఒక ఏడు ఆ సగం. కాదనడానికి లేదు, చందా ఇచ్చింది ఆ చేతులే.

దాంతో పిల్లలకు ఒక వింత ఆట అబ్బింది. బంతి నేలకు కొడితే కారం దుమ్ము లేచి కళ్లు మండుతాయి. గురి తప్పి కాయల్లో పడితే, అవి ఆరబోసుకున్న జానీబీ నోరు లేస్తుంది. అందుకని బంతి నేల తాకకుండా గాల్లోనే చేతి నుంచి చేతికి తిప్పడం నేర్చుకున్నారు. పోయిన ఏడాది గుంటూరులో ఎవరో "బంతి కొట్టడం రాని జట్టు" అన్నారు. మొదటి ఆటలోనే ఓడి ఇంటికి వచ్చారు కూడా.

ఈసారి ఓడితే కోర్టే ఉండదు. ఏడాది పొడుగునా కాయలు ఆరబోసుకోవడానికి ఒక వ్యాపారి ఆ నేల అడుగుతున్నాడు. కోర్టు కమిటీలో సగం మంది ఇచ్చేద్దామనే అంటున్నారు. కప్పు వస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయని కమిటీ ప్రెసిడెంటు చెంచయ్య ఆశ. అందుకే విజయవాడ నుంచి ఆట బాగా వచ్చిన ముగ్గురిని కారులో తీసుకొచ్చాడు. వాళ్లలో నస్రత్ అనే పొడుగు పిల్ల యూనివర్సిటీకి ఆడింది.

"చూడండి మాస్టారూ, నేను పొలానికి నారు కొనుక్కొచ్చి వేస్తా. నారుమడి పోసుకుని నీళ్లు చల్లుకుంటా కూర్చుంటే అదును పోదూ?" అన్నాడు చెంచయ్య.

"అందరూ కొనేవాళ్లే అయితే నారు పోసేదెవరండీ?"

"అది వచ్చే ఏడాది సంగతి. మనకి ఆదివారం కప్పు కావాలి."

మాస్టారు ఆ మాటను తీసిపారేయలేకపోయారు. ఒకప్పుడు తానూ అలా కొని తెచ్చిన మొక్కే. ఇరవై రెండేళ్ల వయసులో సంచి భుజాన వేసుకుని ఏ ఊరు పిలిస్తే ఆ ఊరి తరఫున ఆడారు. వేటపాలెం అవతల ఒక ఊరికి వరసగా మూడేళ్లు కప్పు తెచ్చిపెట్టారు. అక్కడివాళ్లు భుజాల మీద మోశారు. నాలుగో ఏడు ఆయన వెళ్లలేకపోయారు. చూస్తే ఊరి జట్టుకు ఐదుగురు దొరకలేదు. ఆ మూడేళ్లూ బెంచీ మీద కూర్చున్నవాళ్లు విసిగి, జీడిపప్పు పనుల్లోకి వెళ్లిపోయారు. ఎప్పుడో ఆ దారిన పోతూ చూస్తే బంతి వేసే స్తంభాలకు తాడు కట్టి చీరలు ఆరేసి ఉన్నాయి. ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇక్కడే, ఈ సాయంత్రమే, ముగ్గురికి ముగ్గురు ఆడాలి. బుట్టలో బంతి పడితే ఒక పాయింటు. ముందు పదకొండు చేసిన ముగ్గురి పేర్లు కాయితం మీదికెక్కుతాయి. మిగతా రెండు పేర్లు మాస్టారి ఇష్టం.

"విజిలు మీరే ఊదండి. మీ చేతిలో ఉంటే నాకు భయం లేదు," అన్నాడు చెంచయ్య. "ఒక్కటే మాట. ఈ ఘాటుకి ఆ పిల్లలు దగ్గుకుంటా ఓడిపోతే మాత్రం ఒప్పుకోను. గుంటూరు కోర్టులో కారం ఉండదు."

న్యాయమే. మాస్టారు జానీబీ దగ్గరికి వెళ్లారు. జట్టులో ఆడే నజ్మీన్‌కు ఆమె నాయనమ్మ.

"నాలుగో ఎండ మాస్టారా. ఇప్పుడెత్తి కుప్పేస్తే కాయ మెత్తబడుద్ది. నీ బంతి కోసం నా కాయ పాడుచేసుకోనా?"

"నజ్మీన్ ఆడుతుంది జానీబీ."

"ఆడితే? గెలిచిద్దా?"

"తెలీదు."

"తెలీదని చెప్పటానికి మాస్టారే కావాలా," అంటూనే ఆమె పట్టా దులిపింది. "ఆ కొస పట్టు. చూస్తా నిలబడితే ఎవరెత్తుతారు?"

కాయలు ఎత్తారు. నాలుగు డ్రమ్ముల నీళ్లతో నేల కడిగారు. కడిగాక తెలిసింది, పన్నెండేళ్ల చీపురు దెబ్బలకు పక్క గీత ఆనవాలు లేకుండా అరిగిపోయిందని. అది ఎక్కడుందో మాస్టారికొక్కరికే తెలుసు.

నాలుగున్నరకు ఆట మొదలైంది. ఇటు జ్యోతిర్మయి, నజ్మీన్, సుకీర్తన. నస్రత్ బంతి కొడుతుంటే అది ఆమె చేతికి దారంతో కట్టినట్టు లేస్తోంది. చూస్తూండగానే ఐదు–ఒకటి.

"ఏమ్మే నజ్మీనూ, పొద్దున అన్నం తిన్లేదటే?" గోడ దగ్గర్నుంచి జానీబీ కేకేసింది.

"కింద పెట్టొద్దే. ఎత్తండి, ఎత్తండి," అంది జ్యోతిర్మయి, వాళ్ల జట్టు కెప్టెను.

బంతి గాల్లోకి లేచింది. నజ్మీన్ నుంచి సుకీర్తనకు, సుకీర్తన నుంచి జ్యోతిర్మయికి, ఒక్కసారి కూడా నేల తాకకుండా. అడ్డుపడేలోపు ఇంకో చేతిలో ఉంటోంది. వచ్చిన పిల్లలు ముగ్గురూ బంతి వెంట తలలు తిప్పుకుంటూ తిరిగారు. ఆరు–ఐదు. తొమ్మిది–తొమ్మిది. పది–పది. చెంచయ్య తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. గోడ మీద కూర్చున్నవాళ్లు కాళ్లు ఊపడం మానేశారు.

జ్యోతిర్మయి కోర్టు చివరికంటా వెళ్లి బంతి అందుకుంది. అందుకోగానే వేసింది. బుట్టలో పడింది. జనం ఒక్క అరుపు అరిచారు.

మాస్టారు బంతిని చూడలేదు. ఆమె ఎడమ మడమను చూశారు. లేని గీతకు అవతల, నాలుగు వేళ్ల మందం.

ఊదకపోతే అడిగేవాళ్లు లేరు. అయినా ఊదారు.

"ఏంది సార్?" అంది జ్యోతిర్మయి.

"కాలు బయటుంది."

"ఏ గీతకి సార్? ఇక్కడ గీతేదీ?"

"ఉంది. నేను వేసిందే."

"కంచే చేను మేసినట్టుంది నీ యవ్వారం," అంది జానీబీ.

బంతి నస్రత్‌కు ఇచ్చారు. రెండడుగుల్లో వేసేసింది. పదకొండు–పది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె మాస్టారి దగ్గరికి వచ్చి, "నాకు కనపడలేదు సార్. మీరు ఊదకపోతే నేను అడిగేదాన్ని కాదు," అంది.

"తెలుసమ్మా."

గట్టు మీద కూర్చుని రాశారు. నస్రత్, ఆమెతో వచ్చిన ఇద్దరు, ఆ తర్వాత జ్యోతిర్మయి, నజ్మీన్. సుకీర్తన పేరు ఐదులో పట్టలేదు. ఆ పిల్ల కాయితం వంక చూసి, చెప్పులేసుకుని గేటు దాటింది. జ్యోతిర్మయి ఆమె వెనకే పరుగెత్తింది.

చెంచయ్య ఫోనులో ఫొటో తీసి పంపేశాడు. "కోర్టు నిలబడుద్ది లెండి మాస్టారూ."

మాస్టారు గేటు వైపే చూస్తున్నారు. స్తంభాలకు ఆరేసిన చీరలు కళ్లకు కట్టాయి. రేపు పొద్దున ఐదున్నరకు ప్రాక్టీసుకు తాళం తీస్తే ఎవరొస్తారు? ఆదివారం కప్పు వచ్చినా, సోమవారం ఎవరొస్తారు?

ఆరు దాటింది. గేటు చప్పుడైంది. ముందు జ్యోతిర్మయి, వెనక సుకీర్తన. సుకీర్తన చేతిలో చెట్ల మొదళ్లకు పూయగా మిగిలిన సున్నం డబ్బా, ఒక పాత కుంచె.

"గీత ఎక్కడో చూపించండి సార్. ఇంకోసారి మీ ఒక్కరికే కనపడితే ఊరుకోం," అంది జ్యోతిర్మయి.

మాస్టారు చెప్పులు విప్పి, మూల దగ్గర నిలబడి, అడుగు వెంట అడుగు ఆనించుకుంటూ నడిచారు. వెనక సుకీర్తన వంగి సున్నం పూస్తూ వచ్చింది. సగం దాకా వచ్చాక తలెత్తకుండానే అడిగింది.

"వచ్చే ఏడాది బయటి నుంచి ఎవర్నీ తేవొద్దని చెప్పండి సార్ ఆయనకి."

"నేను చెప్తే వినడు. మీరు పదకొండు చేస్తే వింటాడు."

"సున్నం ఆరేదాకా నా కాయలెక్కడ పోసుకోను మాస్టారా?" అంది జానీబీ.

"అవతలి సగంలో."

సుకీర్తన ఆగి, వెనక్కి తిరిగి చూసుకుంది. ఒకచోట గీత వంకర పోయింది. చున్నీ కొంగుతో అక్కడ తుడిచేసి, మళ్లీ కుంచె ముంచింది.