బనియన్ మీద మెరీనో

2022 సెప్టెంబరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో, కొండలెక్కేవాళ్ళకీ వేటకి వెళ్ళేవాళ్ళకీ కావలసిన సామాను అమ్మే షాపు మాది. అందులో బట్టల విభాగం నేను చూస్తాను. అప్పటికి ఆ పనిలో ఏడేళ్ళు నిండాయి.

నేను కొండలెక్కే మనిషిని కాదు. వేట సంగతి అసలే తెలియదు. చదివింది కామర్స్. చేరిన కొత్తలో కస్టమర్లు అడిగేవాటికి జవాబు తెలియక లేబుల్ మీద ఉన్నదే పైకి చదివి వినిపించేదాన్ని. ఆ సిగ్గుతోనే లైబ్రరీ కార్డు తీసుకున్నాను. లంచ్ గంటలో అక్కడ కూర్చుని నూలు గురించి, ఉన్ని గురించి, పాలియెస్టర్ గురించి, చలి మనిషి ఒంటిని ఏం చేస్తుందన్న దాని గురించి దొరికినవన్నీ చదివాను. గొర్రె వెంట్రుకని మైక్రోస్కోపు కింద పెడితే చేప పొలుసుల్లా కనిపిస్తుందని నాకు తెలుసు. రాసుకున్న నోట్సు నాలుగు పుస్తకాలయింది. వాటిని ఇప్పటికీ కౌంటర్ కింద సొరుగులోనే ఉంచుకుంటాను.

బేస్ లేయర్ అంటే చలిలో ఒంటికి అంటిపెట్టుకుని వేసుకునే మొదటి పొర. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మెరీనో, అంటే మెరీనో గొర్రెల సన్నటి ఉన్ని. ఇది చెమటని తనలోకి పీల్చుకుంటుంది, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, రోజుల తరబడి వేసుకున్నా పెద్దగా వాసన రాదు. కానీ ఆరడానికి టైమ్ పడుతుంది. రెండోది సింథటిక్, ఎక్కువగా పాలియెస్టర్. ఇది చెమటని పీల్చుకోదు, దారాల వెంట బయటికి లాగేస్తుంది. దాన్నే మా షాపు భాషలో వికింగ్ అంటాం. గబగబా ఆరుతుంది, కానీ ఒక్కపూటకే కంపు కొడుతుంది. వేటలో కంపు చిన్న విషయం కాదు. ఎల్క్ అనే ఆ పెద్ద దుప్పి మనిషిని కళ్ళకంటే ముందు ముక్కుతో పసిగడుతుంది.

ఏది కొనాలో తేల్చుకోలేని కస్టమర్‌ని మేం మూడు ప్రశ్నలు అడుగుతాం. ఎంతసేపు ఎక్కుతారు? ఎక్కాక ఎంతసేపు కదలకుండా కూర్చుంటారు? ఇప్పుడు ఒంటికి ఆనుకుని లోపల ఏం వేసుకుంటున్నారు? ఈ మూడూ అడగకుండా అమ్మితే సగం బట్టలు వెనక్కి వస్తాయి.

ఆ సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అరవై ఆరేళ్ళ మనిషి ఒకాయన నా ముందు నిలబడి, బ్యాడ్జి మీద పేరు చదివి, "తెలుగువాళ్ళా అమ్మా?" అన్నారు. అలా పరిచయమయ్యారు డాక్టర్ ప్రభాకర్ గారు. కాకినాడలో చదివి, ఇక్కడ ముప్పై ఏళ్ళు మత్తు డాక్టర్‌గా పనిచేసి, రిటైరయ్యారట. పక్కింటి వాల్ట్ అనే డెబ్బై నాలుగేళ్ళ ఆయన స్నేహంతో వేట నేర్చుకున్నారు. కిందటి నవంబరులో ఇద్దరూ మొదటిసారి ఎల్క్ వేటకి వెళ్ళారు. కొండ ఎక్కి కూర్చున్న గంటకే డాక్టర్ గారికి వణుకు పట్టుకుంది. మాట ముద్దగా వస్తోందని గమనించి వాల్ట్ వేట మానేసి ఆయన్ని కిందికి దింపుకొచ్చాడు.

"ఆపరేషన్ టేబుల్ మీద పేషెంటు చల్లబడకుండా చూసుకోవడమే నా ఉద్యోగం," అన్నారాయన. "నన్ను నేను చూసుకోలేకపోయాను. ఈసారి అలా జరగడానికి వీల్లేదమ్మా."

ఎందుకు వీల్లేదో కూడా చెప్పారు. రాబోయే చలికాలం వాల్ట్‌కి మోకాలు మార్పిడి ఆపరేషన్. ఆ తర్వాత మళ్ళీ ఆ కొండ ఎక్కగలడన్న నమ్మకం ఎవరికీ లేదు. ఒంటరిగా పంపడానికి కూతురు ఒప్పుకోవడం లేదు. డాక్టర్ తోడుంటేనే వెళ్ళు అంది. అంటే డాక్టర్ గారు చలికి తట్టుకోలేకపోతే, యాభై ఏళ్ళుగా వేటాడుతున్న మనిషికి చివరి సీజన్ ఇంట్లో కూర్చుని గడిపేయడమే.

ఎంతసేపు ఎక్కుతారని అడిగాను. యాభై నిమిషాలు, నిటారు దారి. ఎంతసేపు కూర్చుంటారని అడిగాను. మూడు గంటలైనా కూర్చోవాలి. నా నోట్సు తీసి రెండు రకాల గుణగణాలూ ఉత్సాహంగా వివరించి, కాస్త మందమైన మెరీనో జత ఇచ్చాను. వాసన ఉండదు, తడిసినా వెచ్చగా ఉంటుంది, వేటకి ఇదే మంచిదన్నాను. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి, ఉన్ని కదా, గుచ్చుకోదా అన్నారు. ఇది గొంగళి కాదండీ అని నవ్వాను. ఆయనా నవ్వారు.

డాక్టర్ గారు దేన్నీ నోటిమాటగా వదిలే మనిషి కాదు. సీజన్‌కి ముందే ఇస్సక్వా దగ్గర కొండ ఒకటి చూసుకుని, తెల్లవారకముందే ఎక్కి, పైన కూర్చుని పరీక్ష చేశారు. అక్టోబరు మొదట్లో ఒక కాగితం తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. అచ్చం కేస్ షీట్. ఎక్కిన సమయం, కూర్చున్న సమయం, గాలి, వాన, వణుకు మొదలైన నిమిషం. నలభై రెండో నిమిషం.

చెమట ఎక్కువ పట్టి ఉన్ని ఆరలేదేమో అనుకున్నాను. ఈసారి పల్చటి సింథటిక్ జత ఇచ్చాను. పదిరోజుల తర్వాత రెండో కాగితం వచ్చింది. నలభయ్యో నిమిషం.

నా పక్క కౌంటర్‌లో పనిచేసే మార్లీన్ పాతికేళ్ళుగా వేటాడుతోంది. ఆ వయసువాళ్ళకి రక్తప్రసరణ తగ్గుతుంది, వదిలెయ్ అంది. వదలబుద్ధి కాలేదు. నా చదువంతా ఎదురుతిరిగినట్టు అనిపించింది. ఒకటి తడిని దాచుకునే బట్ట, ఇంకొకటి తడిని తోసేసే బట్ట. రెండూ ఒకే జవాబు ఎలా ఇస్తాయి? జవాబు ఒకటే అయితే తప్పు ఈ రెంటిలోనూ లేదు. రెండుసార్లూ ఉన్న మూడోదేదో ఉంది. జాకెట్టా? అది మంచిదే, నేనే చూశాను. బూట్లా? పొడిగా ఉన్నాయని కాగితంలో రాశారు. వణుకు ఎక్కడ మొదలైందో కూడా రాశారాయన, వీపు మధ్యలో అని.

ఆ వారాంతం ఇంట్లో నా సొంత పరీక్ష పెట్టాను. ఒక మెరీనో చొక్కా, ఒక సింథటిక్ చొక్కా, రెంటినీ తడిపి పిండి, వంటింటి త్రాసులో తూచి, బట్టలారేసే స్టాండ్ మీద వేసి, గంటకోసారి బరువు రాసుకున్నాను. మా ఆయన వచ్చి చూసి, "బట్టలకి కూడా బీపీ చూస్తున్నావా?" అని వెళ్ళిపోయారు. సింథటిక్ రెండు గంటల్లో ఆరింది. మెరీనో మధ్యాహ్నానికి ఆరింది. సాయంత్రం స్టాండ్ మడవబోతే చేతికి చల్లగా ఏదో తగిలింది. ఆ రెండు చొక్కాలకంటే ముందు, పొద్దున్నే ఆరేసిన మా ఆయన బనియన్. అంచుల దగ్గర ఇంకా తడిగానే ఉంది.

దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ప్రతి ఆదివారం ఏడు బనియన్లు మడతపెడతాను నేను. మా నాన్న వేసుకునేవారు, మామగారు వేసుకుంటారు, చొక్కా తొడుక్కునే ప్రతి తెలుగు మగవాడూ వేసుకుంటాడు. నూలు బట్ట చెమటని పీల్చుకుని వదలదని, చలిలో దానికంటే శత్రువు లేదని, నోట్సు మొదటి పేజీలో నా చేత్తోనే రాసుకున్నాను.

మూడో ప్రశ్న ఆయన్ని అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఎందుకు అడగలేదో నిజాయితీగా చెప్తాను. ఇంగ్లీషులో ఆ ప్రశ్న రోజుకి ఇరవైసార్లు అడుగుతాను, ముక్కూ మొహం తెలియని మగవాళ్ళని కూడా. తెలుగులో తండ్రి వయసు పెద్దమనిషిని పట్టుకుని, లోపల ఏం వేసుకున్నారండీ అని అడగడానికి నోరు రాదు. మర్యాద అనుకుని దాటేశానని కూడా నాకు తెలియదు. అంత అలవాటుగా దాటేశాను.

తర్వాతి శనివారం డాక్టర్ గారే వచ్చారు. రెండు జతలూ ఉతికి, మడతపెట్టి, సంచిలో తెచ్చారు. ఇంకా ఎనిమిది రోజుల్లో సీజన్.

"నీ తప్పేం లేదమ్మా," అన్నారు. "సాయంత్రం వాల్ట్‌కి చెప్పేస్తాను, నేను రావడం లేదని. కొండ మీద నేను పడిపోతే, ఆ మోకాలితో నన్ను మోసుకొచ్చేది అతనే కదా."

ముందు ఇంగ్లీషులో అడిగాను, ఒంటికి ఆనుకుని ఉండే పొర ఏమిటని. నువ్విచ్చిందే కదా అన్నారు. కాటన్ ఏమైనా ఉందా అన్నాను. లేదన్నారు. వాల్ట్ కూడా అదే అడిగాడట, అతనికీ అదే చెప్పారట. ఇక తెలుగులో అడగక తప్పలేదు. మార్లీన్‌కి అర్థం కాదని తెలిసినా గొంతు తగ్గించాను.

"డాక్టర్ గారూ, ఏమీ అనుకోకండి. లోపల బనియన్ వేసుకున్నారా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. "వేసుకుంటాను కదమ్మా. బనియన్ లేకుండా ఎట్లా?"

"కొండ మీద కూడానా?"

"ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక్కరోజు..." అంటూ ఆగిపోయారు. చెయ్యి మెల్లగా వీపు వైపు వెళ్ళింది. "అది కాటనే కదూ."

"అవునండీ. వీపంతా కాటనే."

"మూడు దశాబ్దాలు ప్రతి పేషెంటునీ అడిగానమ్మా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని. లేదనేవాళ్ళు. తీరా చూస్తే రోజూ వేసుకునే మాత్ర ఒకటి బయటపడేది. అది మందని వాళ్ళు అనుకోరు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ బనియన్ని బట్ట అనుకోలేదు."

అవమానం తగిలిన మనిషిలా కాక, రోగం దొరికిన డాక్టర్‌లా సంచిలోంచి రెండు జతలూ తిరిగి బయటికి తీశారు. ఇప్పుడు చెప్పు, మెరీనోనా సింథటికా అన్నారు. రెండూ అన్నాను. నాకు అసలు జవాబు ఆ వారమే దొరికింది. ఎక్కడం ఒక పని, కూర్చోవడం ఇంకో పని. ఎక్కేటప్పుడు పల్చటి సింథటిక్ ఒక్కటే, జాకెట్ బ్యాగులో పెట్టుకుని, మెల్లగా. పైకి చేరాక చెమట ఆరేదాకా రెండు నిమిషాలు నిలబడి, తడిసినది విప్పి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో బిగించి వాసన బయటికి రాకుండా చేసి, పొడి మెరీనో ఒంటికి ఆనించి వేసుకోవడం. మార్లీన్ విని, ఇన్నాళ్ళూ తను చేస్తున్నది అదేనంది. నువ్వు ముందే చెప్పొచ్చుగా అంటే, నువ్వు అడగలేదుగా అంది.

బుధవారం వాన పడుతుండగా ఆయన మళ్ళీ ఇస్సక్వా కొండ ఎక్కారు. మధ్యాహ్నం మూడో కాగితం వచ్చింది. అందులో వణుకు అన్న చోట ఏమీ రాయలేదు. కింద ఒక్క వాక్యం: రెండు గంటల పది నిమిషాలకి ఆకలేసి దిగాను.

నవంబరులో వాళ్ళు నాలుగు రోజులు వేటకి వెళ్ళారు. మొదటి రెండు రోజులూ ఏమీ కనబడలేదట. మూడో రోజు కూర్చున్న రెండున్నర గంటలకి ఎల్క్ వచ్చింది. కిందటేడాది ఆ సమయానికి ఇద్దరూ హీటర్ వేసుకుని ట్రక్కులో ఉన్నారు. కాల్చింది వాల్ట్. మాంసం మోసింది డాక్టర్ గారు, నాలుగు విడతలుగా. మోకాలి మీద చేతులు పెట్టుకుని కూర్చుని, మెల్లగా రమ్మని హెచ్చరించడమే వాల్ట్ పని.

ఆ కథంతా చెప్పడానికి వచ్చినప్పుడు, పాత బనియన్లు ఏం చేశారని అడిగాను.

"పారెయ్యలేదమ్మా. తుపాకీ తుడుచుకోవడానికి వాటిని మించింది లేదు. బాగా పీల్చుకుంటాయి," అన్నారు.

ఆ మూడు కాగితాలూ నా నాలుగో నోట్సు పుస్తకంలో అతికించుకున్నాను. లైబ్రరీలో చదివింది తప్పు కాదు. ఉన్ని గురించీ పాలియెస్టర్ గురించీ ఆ పుస్తకాలు చెప్పినవన్నీ నిజాలే. కానీ మా వాళ్ళు బనియన్ని బట్టల్లో లెక్కెయ్యరన్న సంగతి ఆ పుస్తకాల్లో ఉండదు. అది నాకే తెలియాలి, తెలుసు కూడా. తెలిసి అడగకపోవడం వల్ల ఒక పెద్దాయన నలభై నిమిషాలకే రెండుసార్లు వణికారు.

ఇప్పుడు మా షాపుకి తెలుగువాళ్ళు చాలామంది వస్తున్నారు. అత్తగారితో వచ్చినా, పిల్లలతో వచ్చినా, ఎంత పెద్దవాళ్ళైనా, మూడో ప్రశ్న మొదట అడుగుతున్నాను. తెలుగులోనే, గొంతు తగ్గించకుండా.