వెనక గదిలో దగ్గు

దయ్యాలంటే నాకు భయం కాదు, కోపం. ఎవరైనా ఆ మాటెత్తితే పనీపాటా లేక చెబుతున్నారని మొహం మీదే అనేదాన్ని. ఇప్పటికీ నేను దయ్యం అనడం లేదు. తాండూరులో మా ఇల్లు అమ్మేటప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆయన రత్నయ్య ముప్పై ఏళ్లు బండలకు పాలిష్ పట్టే పని చేశాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. రాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇంక ఆ పని మానకపోతే మనిషి దక్కడని డాక్టరు నాతోనే చెప్పాడు. ఇల్లు తాండూరులో ఉన్నన్నాళ్లు ఆయన పాలిష్ మిషను దగ్గరికి పోకుండా ఉండడు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఇల్లు అమ్మేసి, వికారాబాద్‌లో మా బిడ్డ ఉండే వీధిలోనే రెండు గదులు చూసుకుందామని పట్టుబట్టాను. అక్కడ గుట్ట గాలి తగిలితే నాలుగేళ్లు ఎక్కువ బతుకుతాడని నా ఆశ.

ఇళ్ల బేరాలు కుదిర్చే ఖాదర్ భాయ్ వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. ఆయన చెప్పినవన్నీ మంచి మాటలే. కారే కుళాయి బాగు చేయించాం. గోడలకు సున్నం వేయించాం. అటకమీది సామాను సగం పారేశాం. పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒక సంచిలో పెట్టుకున్నాం. చివరగా, కింద బండలకు పాలిష్ పట్టిస్తే ఇల్లు కొత్తగా కనిపిస్తుందన్నాడు.

చూశారా విచిత్రం! ఊళ్లో మా ఆయన ఎన్ని ఇళ్లు మెరిపించాడో లెక్కలేదు, మా ఇంట్లో మాత్రం గరుకు బండలే ఉండేవి. మనిషిని మాట్లాడదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"మందిండ్లు మెరిపించినోన్ని, నా ఇంటికి ఇంకోన్ని పిలుస్తనా?" అన్నాడు.

నేను అరిచాను, ఏడ్చాను, అన్నం పెట్టనన్నాను. మొండిఘటం, వినలేదు. మిషను అద్దెకు తెచ్చి మూడు రోజులు తనే పట్టాడు. ఆ పని నీళ్లు పోస్తూ చేయాలి, లేకపోతే దుమ్ము లేస్తుంది. మూడో రోజు నల్లా రాలేదు, డ్రమ్ములో నీళ్లూ అయిపోయాయి. మిగిలింది వెనక గది ఒక్కటే. రేపు చేయమని బతిమాలాను. మిషను సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలని తలుపు దగ్గరకు వేసుకుని పొడిగానే పట్టేశాడు. బయటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా దుమ్మే. గడప మీద కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు.

ఆయన దగ్గు నాకు కంఠతా వచ్చు. మూడు చిన్న దగ్గులు, ఒక పెద్దది, తర్వాత గొంతు సవరించుకుని సన్నగా మూలుగు. ఏళ్ల తరబడి అదే వరస.

మరునాడు ఖాదర్ భాయ్ నన్ను వాకిట్లోకి పిలిచాడు. "అమ్మా, తప్పుగ అనుకోకు. బేరానికొచ్చినోళ్లకు దగ్గు వినపడితే ఇల్లు కొనరు. భాయ్‌ని జర బిడ్డ కాడికి పంపు," అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. ఆ సాయంత్రమే మా బిడ్డ వచ్చి వాళ్ల నాయనను వికారాబాద్ తీసుకుపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

మొదట బొంరాస్‌పేట నుంచి ఒక టీచరు, ఆయన భార్య వచ్చారు. పొద్దున పదకొండు గంటలు. ముందు గది, వంటిల్లు మెచ్చుకున్నారు. బండల్లో మొహం కనిపిస్తోందని ఆమె మురిసిపోయింది. అంతలో వెనక్కి తిరిగి, లోపల ఎవరికో పానం బాగలేనట్టుందే అని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆమె భర్త వంక చూసింది. ఇద్దరూ మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఇల్లు నచ్చక సాకు చెప్పారనుకుని, వాళ్లు వెళ్లాక నాలుగు తిట్లు తిట్టుకున్నాను.

తర్వాత వచ్చినాయన కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఒక్కడే వచ్చాడు. ఇల్లంతా తిరిగి, వెనక గది తలుపు మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశాడు. పెద్దాయన పండుకున్నట్టున్నాడు, ఎందుకు లేపడం, మళ్లీ వస్తానన్నాడు. ఆయన మళ్లీ రాలేదు.

రెండు రోజుల తర్వాత నేనే విన్నాను. మిట్టమధ్యాహ్నం, ముందు గదిలో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నాను. మూడు చిన్నవి, ఒక పెద్దది, గొంతు సవరింపు, మూలుగు. అలవాటు కొద్దీ "నీళ్లు తెస్తున్నా" అని లేచాను. చెంబు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఆయన ఇంట్లో లేడని.

తలుపు తీసి చూశాను. ఖాళీ గది. కిటికీ వేసే ఉంది. మాకు ఎడమ పక్క ఇల్లు తాళం, కుడి పక్క ఖాళీ స్థలం, వెనక గోడ. వెంటనే బిడ్డకు ఫోన్ చేసి నాయన ఎట్లున్నడని అడిగాను.

"మస్తుగున్నడే అమ్మా. ఇప్పుడే గుట్ట దాక నడిచొచ్చి మజ్జిగ తాగుతున్నడు. ఇంటికొచ్చినకాంచి ఒక్కపారి సుత దగ్గలే," అంది.

సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఆ రోజు నుంచి రోజుకు నాలుగైదుసార్లు వినిపించేది. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ అక్కడ ఆయన హాయిగా ఉండేవాడు. దిండు ఎత్తు పెట్టుకోకుండా వెల్లకిలా పడుకుంటున్నాడని, రెండు రొట్టెలు ఎక్కువ తింటున్నాడని బిడ్డ చెప్పేది. పోయేటప్పుడు ఇచ్చిన మందులే, కొత్తవేవీ కాదు. ఇక్కడ జరిగేది నేను ఎవరికీ చెప్పలేదు. వెనక గది గొళ్లెం పెట్టి, బైబిలు వాక్యం చదువుకుని కుట్టు మిషను తొక్కుతూ కూర్చునేదాన్ని. మిషను చప్పుడులో వినిపించదు కదా.

మూడోసారి కోట్‌పల్లి వైపు నుంచి ఒక చిన్న జంట వచ్చారు. అబ్బాయి గూడ్స్ ఆటో నడుపుతాడు. అమ్మాయి పేరు సుజాత, చంకలో ఆరు నెలల పిల్లవాడు. ఇల్లు ఆమెకు ఎంత నచ్చిందంటే పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా చెప్పేసింది. అప్పుడే వెనక గదిలో దగ్గు మొదలైంది. పిల్లవాణ్ని గుండెకు హత్తుకుని నా కళ్లలోకి చూసింది.

"అక్కా, పానం బాగలేని మనిషుంటే చెప్పు, దాయకు. పసిపిల్లగాడున్నడు," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. గది ఖాళీ అని తలుపు తీసి చూపిస్తే ఇక ఊళ్లో ఎవరూ గడప తొక్కరు. మా ఆయనే, నిద్రపోతున్నాడు, రాయి దుమ్ము దగ్గు, అంటుకునేది కాదు అని చెప్పేశాను. ఆదివారం రండి, ఆయనే ఇల్లు చూపిస్తాడు అని కూడా అన్నాను. అబద్ధం ఆడాక దానికి మనిషిని చూపించాలి కదా. రాత్రి ఫోన్ చేసి ఆయన్ని రమ్మన్నాను. బిడ్డ వద్దంది. ఒక్క పూటే కదా అని కసిరాను.

ఆదివారం పొద్దున రైలు దిగి వచ్చాడు. బుగ్గలు పూడాయి, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాడు. చూసి నా కడుపు నిండింది. సుజాత వాళ్లు వచ్చాక ఇల్లంతా తిప్పి, వెనక గది గొళ్లెం తనే తీశాడు. లోపలికి వెళ్లి, వంగి బండ మీద అరచేత్తో నిమిరి, గాజు లెక్క ఉందని వాళ్లకు చూపించాడు. చాలాసేపు ఆ గదిలోనే నిలబడి మాట్లాడాడు. ఒక్క దగ్గు లేదు, ఆయనకూ లేదు, గదికీ లేదు. బేరం అక్కడే కుదిరింది. నేను దేవునికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం ఇద్దరం రైలెక్కాం. ధారూర్ దాటింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, కొత్త ఇంట్లో నా కుట్టు మిషను వెలుతురు వైపు పెడదామని చెబుతున్నాడు. మాట మధ్యలో ఆగి గుండె పట్టుకున్నాడు. మూడు చిన్నవి, ఒక పెద్దది, గొంతు సవరింపు, మూలుగు.

అది మళ్లీ ఆగలేదు. గుట్ట గాలి, మందులు, ఆక్సిజన్, ఏదీ పని చేయలేదు. ఆ చలికాలం దాటకుండానే పోయాడు.

ఇంటి కాగితం ఒకటి ఇవ్వడానికి మొన్న తాండూరు వెళ్లాను. సుజాత చాయ్ పెట్టి, నన్ను వెనక గదిలోనే కూర్చోబెట్టింది. ఎండాకాలం చల్లగా ఉంటుందని పిల్లవాణ్ని అక్కడే కింద పడుకోబెడుతుందట. గంటసేపు కూర్చున్నాను. ఉండబట్టలేక, ఈ గదిలో ఏమైనా చప్పుడు వస్తుందా అని అడిగాను.

"ఏం రాదక్కా. మేమొచ్చినకాంచి మస్తు నిమ్మళంగుంది," అంది.

చాయ్ సగంలో వదిలేసి లేచాను. స్టేషను దాకా ఏడుస్తూనే నడిచాను.

ఈ జబ్బు తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుందని డాక్టరు అంటాడు. అయి ఉండొచ్చు. మరి అన్ని రోజులు ఆ గదిలో దగ్గింది ఎవరో ఆ డాక్టరూ చెప్పలేడు, నేనూ చెప్పలేను. మా ఆయన్ని ఆ ఇంటికి తిరిగి రమ్మని ఫోన్ చేసింది మాత్రం నేనే.