నక్షత్ర తాబేలుతో కళింగపట్నం దాకా

మార్చి నెలలో ఒక శనివారం, మధ్యాహ్నం రెండున్నరకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. పెద్ద పనేమీ కాదు. కళింగపట్నం ఒడ్డున గుడ్లు పొదిగించి, తాబేలు పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతున్నారని నా దగ్గర వయొలిన్ నేర్చుకున్న అమ్మాయి ఫోనులో వీడియో పంపింది. ఊళ్ళో పిల్లల అపస్వరాలు సరిదిద్దుతూనే అరవై దాటేసినదాన్ని. సముద్రం ఇంత దగ్గరలో ఉన్నా అందులోకి వెళ్ళే జీవాన్ని ఒక్కదాన్నీ చూడలేదు. ఒక్కరోజైనా చెవులకు సెలవిచ్చి కళ్ళకు పని చెబుదామనిపించింది. “తాబేలు నడక చూడ్డానికి అంత దూరమెందుకు, పొద్దున్నే నేను లేవడం చూడు” అన్నారు మా ఆయన. ఆయన్ని ఆయన నిద్రకే వదిలేశాను.

ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం కనక బస్సు కిటకిటలాడుతోంది. ఆధార్ కార్డు తప్పకుండా దగ్గర పెట్టుకోండి, లేకపోతే కండక్టరుతో పేచీ. నాకు కిటికీ సీటు దొరికింది. పక్కన నా ఈడువాడే ఒకాయన కూర్చున్నాడు. ఒళ్ళో వెదురుబుట్ట, దాని మీద తడి తువ్వాలు. కాసేపటికోసారి సీసాలో నీళ్ళు తువ్వాలు మీద చిలకరిస్తున్నాడు. సగం నీళ్ళు నా చీర మీదే పడుతున్నాయి. నా నోరు ఊరుకోదు కదా.

“ఏమిటండీ అది, తమలపాకులా?”

“కాదమ్మా, తాబేలు. దానింటికి దిగబెట్టడానికి తీసికెల్తన్నాను.”

“దాని ఇల్లెక్కడ?”

“ఇంకెక్కడమ్మా, సముద్రం.”

తువ్వాలు కొంచెం పైకెత్తి చూపించాడు. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు, ఎవరో కూర్చుని ఓపిగ్గా నక్షత్రాలు ముగ్గేసినట్టు. మొద్దు కాళ్ళకున్న గోళ్ళతో బుట్ట అడుగున బరబరా గీకింది. ఇంత అందమైన తాబేలుని నేనెప్పుడూ చూడలేదు.

ఆయన పేరు అప్పలస్వామి. సాలూరులో లారీ నడిపి నడిపి, మోకాళ్ళు మొరాయించాక మానేశాడు. పోయిన వానాకాలం రామభద్రపురం దగ్గర మెట్ట పొలాల మధ్య రోడ్డు దాటుతుంటే, లారీల కింద పడిపోతుందని ఎత్తి ఇంటికి తెచ్చుకున్నాడట. పేరు చిట్టి.

“పగలు పెరట్లో తిరుగుతాది. గోంగూరాకు ఏస్తే తింటాది. పొద్దోయాక పాపం దానికి నీళ్ళుండాల కదా, సిమెంటు తొట్టిలో మెడ దాకా నీళ్ళు పోసి దింపుతాను. నేను తొట్టి కాడికెల్తే సాలమ్మా, మెడ ఇంత పొడుగున సాపి, పైకెత్తి నాకేసే సూస్తాది. నా సొంత మనవలైనా అంత ప్రేమగా సూడరు.”

“మరి అంత ప్రేమ గలదాన్ని ఎందుకు వదిలేస్తున్నారు?”

ఆయన మొహం చిన్నబోయింది. “నెల్నాళ్ళయి మేత ముట్టడం నేదు. ముక్కులోంచి బుడగలొస్తన్నాయి. బెంగెట్టుకుందమ్మా. టీకొట్టు కాడ ఫోనులో సూపించినారు, కళింగపట్నంలో తాబేళ్ళని సముద్రంలో ఒగ్గేస్తన్నారని. దాని సుట్టాలక్కడుంటే నేనిక్కడ కట్టేసుకోవడం ఏటి నాయం?”

నాకు కళ్ళు చెమర్చాయి. మనుషులే మనుషుల్ని ఇంటికి దిగబెట్టని రోజుల్లో ఈయన సాలూరు నుంచి రెండు బస్సులు మారి తాబేలుని దిగబెడుతున్నాడు. “మంచి పుణ్యం కట్టుకుంటున్నారు” అన్నాను. నాతవలస దాటాక ఆయన సీసా ఖాళీ అయితే నా సీసాలో నీళ్ళు కూడా నా చేత్తోనే దాని మీద పోశాను. ఆ నీళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అయిదింటికి శ్రీకాకుళంలో దిగాం. ఆయన చెల్లెలి ఇల్లు బస్టాండుకి దగ్గరే. నేను అక్కడే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి శుభ్రం, దోమలు ధారాళం. పిల్లల్ని వదలడం తెల్లవారేసరికే అయిపోతుంది కాబట్టి మొదటి బస్సుని నమ్ముకుంటే లాభం లేదు. రాత్రే ఆటో మాట్లాడి పెట్టుకోవాలి. ఇద్దరం కలిసి ఒకే ఆటో మాట్లాడుకున్నాం. ఇడ్లీ పొట్లం కూడా కట్టించుకోండి, ఆ వేళకి ఒడ్డున టీ చుక్క దొరకదు.

నాలుగున్నరకి బయల్దేరాం. అప్పలస్వామి తెల్లటి పంచె కట్టుకున్నాడు. చిట్టి డిప్పకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. “మా సెల్లెలు సీర కూడా పెడతానంది, ఒద్దన్నాను” అని నవ్వాడు. గార దాటేసరికి గాలిలో ఉప్పు వాసన తగిలింది. ఆటో దీపస్తంభం దగ్గర ఆగింది. అక్కణ్ణించి సరుగుడు తోటలోంచి ఇసకలో నడక.

ఒడ్డు చేరేసరికి వెలుగు రేకలు వస్తున్నాయి. దూరాన బోర్లించిన గంపలా ఏదో కనబడింది. జాలర్లు వదిలేసిన గంపే అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. తాబేలు. నేను కూర్చునే పీట కంటే పెద్దది. మెడ వేలాడిపోయింది, ఒక కన్ను లేదు. కుళ్ళు వాసన కొట్టేస్తోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తల తిప్పితే అటు ఇంకొకటి. దాని వెనక కుక్క పీకుతున్నది ఇంకొకటి. వీడియోలో ఇవి లేవు. ఆ అమ్మాయి నాకు ఇవి పంపలేదు.

అప్పలస్వామి బుట్ట మీద తువ్వాలు గట్టిగా కప్పేశాడు. చిట్టి చూడకూడదని.

వెదురు కంచె వేసిన ఇసక మడుల దగ్గర గురువులు అనే కాపలాదారు కనబడ్డాడు. గుడ్లు ఏరి తెచ్చి, ఇసకలో పాతి, పిల్లలయ్యేదాకా కాపలా కాసే మనిషి. అంత పెద్దవి ఎలా చచ్చిపోయాయని అడిగాను.

“మునిగిపోయి” అన్నాడు.

“నీటిలో ఉండే తాబేలు నీటిలో మునిగిపోడమేటి?” అన్నాడు అప్పలస్వామి, వేళాకోళమనుకుని.

“సేప కాదు కద బావూ. మనకిమల్లే ఊపిరితిత్తులే దానికి. మజ్జ మజ్జన పైకొచ్చి గాలి పీల్సుకోవాల. మరబోట్లు అంత పొద్దు వల ఈడుస్తంటే అందులో సిక్కింది పైకెలా వస్తాది? గుడ్లెట్టడానికి ఒడ్డుకొస్తా ఒస్తా ఇలా అయిపోతాయి.”

తాబేలంటే నీళ్ళు, నీళ్ళంటే తాబేలు, చిన్నప్పటినుంచీ నాకు తెలిసింది అంతే. కడుపుతో పుట్టింటికి వస్తూ గుమ్మం ముందు ఊపిరాడక చచ్చిపోయాయి ఇవన్నీ.

ఇంతలో పాతికమంది దాకా జనం చేరారు. ఫోన్ల లైట్లు ఆర్పమని, దారికి అడ్డం నిలబడొద్దని గురువులు కేకలేశాడు. తట్టలో తాబేలు పిల్లల్ని తెచ్చి నీటి అంచుకి కాస్త ఇవతల ఇసకలో వదిలాడు. వాటంతట అవే నడిచి వెళ్ళాలట. అరచేతిలో సగం లేవు ఒక్కొక్కటీ. ఒకటి నా పాదం దగ్గరికే వచ్చింది. వంగి చూశాను. ముందు చేతులు పల్చగా, పొడుగ్గా, పడవ తెడ్లలా ఉన్నాయి. ఇసకలోనే ఈదుతున్నట్టు వెళ్తోంది. అల వచ్చి దాన్ని ముంచింది, తెడ్లు రెండూ విచ్చుకున్నాయి, వెళ్ళిపోయింది.

నేను ఇంకా ఆ తెడ్లే చూస్తున్నాను. చిట్టికి ఇవి లేవు. చిట్టికున్నవి మొద్దు కాళ్ళు, గోళ్ళు. మెట్ట పొలంలో నడిచే కాళ్ళు.

తలెత్తి వెతికితే అప్పలస్వామి నా పక్కన లేడు. పిల్లలతో పాటే, తోడుగా వెళ్తుందని కాబోలు, నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. రెండు చేతులతో చిట్టిని పట్టుకుని తూర్పుకి తిప్పి తల వంచి దణ్ణం పెడుతున్నాడు.

“వద్దు! వద్దండీ! అది ఈదలేదు!”

జన్మలో అంత గట్టిగా అరవలేదు నేను. సముద్రం హోరులో ఆయనకి వినబడలేదు. నీళ్ళలోకి పరిగెత్తాను. నేను చూస్తుండగానే ఆయన వంగి, చంటిపిల్లని పక్క మీద పడుకోబెట్టినంత మెల్లగా దాన్ని నీళ్ళలో వదిలాడు. అది ఈదలేదు. రాయిలా మునిగిపోయింది.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “ఎల్లిపోయిందమ్మా!” అన్నాడు నన్ను చూసి.

“వెళ్ళలేదు, మునిగిపోయింది! అది నేల తాబేలు!”

ఆ మొహం నేను మరిచిపోలేను. ఒక్క క్షణం నిలబడిపోయాడు, తర్వాత చిట్టీ అని అరుస్తూ నీళ్ళలో పడి దేవడం మొదలెట్టాడు. గురువులు దూకాడు. ముగ్గురం దేవాం, నాలుగు అలలు మా మీదనుంచి పోయాయి. డిప్పకి రాసిన పసుపు నీళ్ళలో కొంచెంసేపు కనబడి అదీ పోయింది. చివరికి మేం కాదు, సముద్రమే దాన్ని మాకు ఇచ్చింది. ఒక పెద్ద అల దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి ఇసక మీద పడేసింది. వెనక్కి లాక్కుపోయేలోపు నేను దాని మీద బోర్లా పడ్డాను.

కాళ్ళు వేలాడిపోయాయి. గురువులు దాని తల కిందికి వచ్చేలా పట్టుకుని మెడ మెల్లగా సాగదీశాడు. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు కారాయి. అప్పలస్వామి ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని గొంతులో ఏవో శబ్దాలు చేస్తున్నాడు. చాలాసేపటికి వెనక కాలి గోరు ఒకటి కదిలింది.

“నచ్చత్ర తాబేలు ఇది” అన్నాడు గురువులు, కోపంతో ఊగిపోతూ. “సుక్క నీటిలో కూడా ఈదలేదు. దీన్ని ఇంట్లో ఉంచుకుంటే జైలు, తెలుసునా? సముద్రంలో ఒగ్గేస్తే ఏటనాలి నిన్ను?”

“ఏటైనా అను. బతుకుతాదా, అది సెప్పు” అన్నాడు అప్పలస్వామి.

గురువులు కోపం అక్కడితో దిగిపోయింది. అటవీశాఖలో పైవాళ్ళకి ఫోను చేశాడు. అప్పలస్వామి తనంతట తానే తెచ్చి అప్పగించాడని చెబుతానన్నాడు. పశువుల డాక్టరుకి చూపిస్తారట, బతికితే మెట్ట అడవిలో వదులుతారట. చిట్టిని పొడిగుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే అప్పలస్వామి వెంట పడలేదు. గోంగూరాకు తింటుందని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

తెచ్చుకున్న ఇడ్లీ కుక్కలకి వేశాం. తొమ్మిదింటి బస్సులో శ్రీకాకుళం, అక్కణ్ణించి పదకొండుకి విజయనగరం బస్సు. ఈ సీజనులో కళింగపట్నం వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: వెళ్ళండి, పిల్లలు నీళ్ళలోకి వెళ్ళడం చూడండి. ఇవతలున్న తల్లుల్ని కూడా చూసి రండి. జాలి ఒక్కటే చాలదని నాకు ఆ పూట తెలిసింది. ఎవరి మీద జాలిపడుతున్నామో వాళ్ళ కాళ్ళు ఎలాంటివో కూడా చూడాలి.

రణస్థలం దగ్గర అప్పలస్వామి ఫోను మోగింది. గురువులు. ఇంకా ఊపిరి తీస్తోందట, ఛాతీలో నీరు, తడికి ముందునుంచీ జబ్బు చేసి ఉంది, రెండు రోజులు గడవాలన్నాడట డాక్టరు. అప్పలస్వామి ఫోను జేబులో పెట్టుకుని ఖాళీ బుట్టలోకి చూస్తూ కూర్చున్నాడు. నాతవలస వచ్చింది.

“అమ్మా” అన్నాడు అప్పుడు. “తొట్టిలో రోజూ మెడ సాపి పైకి సూసీది కదా...”

నేను ఆయన వంక చూశాను.

“నాకేసి కాదేటమ్మా అది? గాలి కోసమేటి?”

కాదని చెప్పాలని ఎంతో ఉంది. అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా.

“అవునండీ” అన్నాను.

ఆయన బుట్టలోంచి తువ్వాలు తీసి మొహానికి కప్పుకున్నాడు. విజయనగరంలో బస్సు ఆగేదాకా తియ్యలేదు.