ఫోనుకు ముందే బయలుదేరిన బండి

ప్రాణం మీదికి వచ్చినవాడు కూడా వారం, దిక్కు చూసుకుని మరీ పడిపోవలసిన రోజులవి. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. మూడంకెలు నొక్కగానే ఎక్కడో కూర్చున్న అమ్మాయి మర్యాదగా ఊరూ వాడా అడగడం, దగ్గరలో ఉన్న బండిని పంపడం, అది ఎంతసేపట్లో చేరిందో యంత్రం దానంతటదే లెక్క గట్టడం వాళ్లకు మామూలు. అరవైలలో నేను కొత్తగా నౌకరీలో చేరిన దవాఖానలోనూ ఒక ఫోను, ఒక బండి, కాలాన్ని లెక్కగట్టే ఒక ఏర్పాటు ఉండేవి. ఆ మూడోదాని పేరు పంచాంగం.

ఊరి పేరు చెప్పను. పాలమూరుకూ దేవరకొండకూ నడుమ ఎక్కడో అనుకోండి. (ఆ ఊరివాళ్లు నన్ను క్షమించినా వాళ్ల మనుమలు క్షమిస్తారన్న నమ్మకం లేదు.) నా పని ఫోను దగ్గర కూర్చోవడం. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి ఆపద వచ్చినా పోలీసు ఠాణాకో పోస్టాఫీసుకో పరుగెత్తి అక్కడినుంచి ఫోను చేయించేవారు. నేను ఊరు, జబ్బు రాసుకుని హెడ్ క్లర్కుకు చెప్పాలి. ఆయన సంతకం చేసిన చిట్టీ చూస్తే తప్ప డ్రైవరు బండి తీయకూడదు. కాలేజీ చర్చావేదికల మీద ఒక సాయంత్రం ఆత్మ లేదనీ, మరో సాయంత్రం జ్యోతిషం శుద్ధ అబద్ధమనీ నిరూపించి, చప్పట్లు మూటగట్టుకుని వచ్చినవాణ్ని నేను. నన్ను చూస్తే మూఢనమ్మకం తలుపు సందున నక్కుతుందని నా గట్టి నమ్మకం. (లోకంలో ఉన్న మూఢనమ్మకాలలో ఇది కూడా ఒకటని తర్వాత తెలిసింది.)

హెడ్ క్లర్కుకు మా డ్రైవరు చాచా పెట్టిన పేరు గడియల సాబ్. ఆయన మేజా సొరుగులో సర్కారు కాగితాలు అడుగున, పంచాంగం పైన ఉండేవి. ఫోను రాగానే సొరుగు తెరుచుకునేది. రాహుకాలమా? ఆగాలి. వర్జ్యమా? ఆగాలి. ఇవి రెండూ దాటితే వారశూల. అంటే సోమవారం, శనివారం తూర్పు దిక్కుకు ప్రయాణం పనికిరాదు, గురువారం దక్షిణానికి పనికిరాదు, ఇలా ప్రతి దిక్కుకూ ఒక శని ఉంటుంది. మా తాలూకాలో తూర్పు పల్లెలవాళ్లకు పాము కరిస్తే మంగళవారం కరవాలి, దక్షిణపు వాళ్లకు గుండె ఆగితే శుక్రవారం ఆగాలి. పాములకు పంచాంగం చదివి వినిపించే ఏర్పాటు ఒక్కటే సర్కారు చేయలేదు. పెద్ద డాక్టరు చాలా మంచివాడు, అంటే ఎవరినీ ఏమీ అననివాడు. ఆయన సెలవూ జీతమూ కూడా గడియల సాబ్ చేతిమీదుగానే నడవాలి మరి.

చేరిన వారంలోనే ఆయనతో తలపడ్డాను.

"సార్, మనిషికి ఛాతిల నొప్పి లేసిందట. జర చిట్టీ ఇయ్యుండ్రి."

"ఇయాల బేస్తారం. దక్షిణం దిక్కు పోతే బండి ఎక్కినోడు తిరిగి ఇంటికి పోడు."

"బండి పోకుంటే వాడు రేపటిదాంక ఉండడు గద సార్!"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "లెక్చరర్ సాబ్, జర సమజ్ చేస్కో. మనం పంపినంక సస్తే పాపం మనకు తాకుతది. పంపకముందే సస్తే గది వాని కర్మ. నౌకరీ చేసేటోడు గీ రెండిట్ల ఏది చూసుకోవాలె?"

ఇంత నిర్దాక్షిణ్యమైన తర్కాన్ని నేను కాలేజీలో ఎదుర్కోలేదు. ఆ రోగి అదృష్టం, ఊళ్లో ఎవరిదో లారీ దొరికి బతికాడు. లారీకి వారశూల వర్తించదేమో!

ఇలా నడుస్తుండగా పై ఆఫీసు నుంచి ఒక హుకుం వచ్చింది. ఫోను ఎప్పుడు వచ్చింది, బండి ఎప్పుడు బయలుదేరింది, నడుమ ఆలస్యం ఎంత, ఎందుకు, అంతా నెలనెలా రాసి పంపాలి. గడియల సాబ్ మొహం వాడిపోయింది. రాహుకాలం అని రాస్తే నౌకరీ పోతుంది. అందుకని ఒకసారి ఇంజను మొరాయించిందని, ఒకసారి పెట్రోలు లేదని, ఒకసారి టైర్లలో గాలి లేదని రాశాడు. బండి అంత పాడైతే దాన్ని వెనక్కి పంపేయండని జవాబు వచ్చింది. ఆ రోజు ఆయన మధ్యాహ్నం డబ్బా కూడా విప్పలేదు. నాకు పండుగలా ఉంది. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చర్చావేదిక మీద ప్రత్యర్థిని కింద పడేసేటప్పుడు వాడే గొంతుతో అన్నాను: "ఇంకేం సార్, మనుషులకు పెట్టినట్టు మన బండికి కూడా పస్తానం పెట్టుండ్రి! పీడ పోతది!"

(పస్తానం అంటే తెలియనివారి కోసం: ప్రయాణం రోజు గడియ బాగుండదని తెలిస్తే, ముందే మంచి గడియ చూసి ప్రయాణికుడి సంచినో కండువానో తీసుకుపోయి పక్కింట్లో పెడతారు. సంచి గడప దాటింది కనుక మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత ఏ పాడు గడియలో కదిలినా దోషం లేదు. కాలాన్ని మోసం చేయడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయాలలో ఇది మహా గొప్పది.)

నేను ఆయన మొహం ఎర్రబడుతుందని ఎదురు చూశాను. ఆయన కళ్లద్దాలు తీశాడు. "ఏమన్నవ్? మల్లొక్కసారి అను," అన్నాడు. నేను మళ్లీ అన్నాను, ఈసారి కొంచెం తడబడుతూ. ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"నిన్ను గిన్నొద్దులు వట్టి నాస్తికునివనుకున్న. శాస్త్రం నీ నోట్లెనే ఉన్నది బిడ్డా, నీకే తెల్వదు!"

అలా నా వెక్కిరింత దవాఖాన పద్ధతి అయి కూర్చుంది. ఇక బండి తరఫున ఏం పెట్టాలన్నది ప్రశ్న. అది బండి ఒంట్లో భాగమై ఉండాలి, అది లేకపోయినా బండి నడవాలి. ఆయన బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, వెనక బిగించిన స్టెప్నీ దగ్గర ఆగిపోయాడు. చాచా ఉలిక్కిపడ్డాడు. "సాబ్, గది లేకుంటే తోవల పంక్చరైతే నేనేం జెయ్యాలె?"

"మంచి గడియల బయల్దేరిన బండికి పంక్చరెందుకైతది ఖాన్ సాబ్? నీకు ఇమాన్ లేదు."

"ఇమాన్ ఉన్నది సాబ్. సడక్ మీద భరోసా లేదు," అన్నాడు చాచా.

మరునాటి నుంచి రోజూ పొద్దున్నే మంచి గడియలో స్టెప్నీ పసుపు కుంకాలతో గేటు దాటి, ఎదుటి పాన్ డబ్బా పక్కన కూర్చునేది. పాన్ డబ్బావాడు దాన్ని గిరాకీలకు పీటగా వాడుకున్నాడు. గడియల సాబ్ ధైర్యంగా కాగితం మీద బండి బయలుదేరిన వేళ పొద్దున్నే రాసేవాడు. ఫోను మధ్యాహ్నం వచ్చేది. ఆ విధంగా మా బండి రోగం రాకముందే, రోగి పడకముందే, ఫోను మోగకముందే బయలుదేరిన ఏకైక బండిగా కీర్తికెక్కింది. ఇట్లాంటి చురుకుదనం మిగతా దవాఖానలు చూసి నేర్చుకోవాలని పై ఆఫీసు మెచ్చుకుంటూ రాసింది. పిలవకముందే ఎక్కడికి పోయిందయ్యా అని అడిగే తలకాయ ఆ భవనంలో ఒక్కటీ లేకపోయింది. అంకెలు అందంగా ఉంటే ఆఫీసులకు అర్థంతో పని ఉండదు.

నిజం చెప్పాలంటే నేనూ లోలోపల మురిసిపోయాను. ఎందుకంటే ఫోను రాగానే చిట్టీ వస్తోంది, బండి కదులుతోంది. మూఢనమ్మకం ముల్లును మూఢనమ్మకం ముల్లుతోనే తీశానని మిత్రులకు ఉత్తరాలు రాసుకున్నాను.

ఒక సోమవారం తూర్పున ఒక పల్లె ఠాణా నుంచి జవాను గొంతు వినిపించింది. "హలో, దవాఖాననా? గొర్లోళ్ల పిల్ల సారూ, నొప్పులు పడతాంది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. జల్ది పంపుండ్రి." వెనకటి రోజులైతే సోమవారం తూర్పుకు బండి చచ్చినా కదలదు. ఇప్పుడు వెంటనే కదిలింది. కాంపౌండరు సెలవులో ఉండడంతో చాచా పక్కన నేనెక్కాను. పిల్ల మొగుడు మందను తోలుకుని ఎక్కడికో మేపుకు పోయాడు. ఆమెను బండిలో పడుకోబెట్టాం, అత్త వెంట ఎక్కింది. ఎండిన తుమ్మకొమ్మలా సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. అందరూ అవ్వ అనే పిలుస్తున్నారు.

తిరుగుదారిలో దవాఖాన ఇంకా రెండు మైళ్లుందనగా తుమ్మముల్లు దిగింది. బండి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. చాచా దిగి చక్రం చూశాడు, తర్వాత బండి వెనక ఖాళీ జాగా చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అతుకు వేద్దామంటే డబ్బాలో జిగురు ఎండిపోయి ఉంది. లోపల ఆ పిల్ల మూలుగు సన్నబడుతోంది.

"ఏమైంది కొడుకా, ఎందుకు నిలవెట్టిన్రు?" అంది అవ్వ.

"చక్రం పోయింది అవ్వా."

"ఇంకోటి ఉంటది గద? మోటర్లకు ఉంటదని మా వోడు చెప్తుంటడు."

"ఉన్నది. పాన్ డబ్బా కాడ ఉన్నది," అన్నాను. ఎందుకుందో చెప్పడానికి ప్రయత్నించాను. చర్చావేదికల మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన నేను, ఆ ఎండలో, ఆ ముసలామె ముందు, పస్తానం సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె అంతా విని, నెమ్మదిగా అంది: "అంటే గా చక్రం పొద్దుగాల్నే బయల్దేరి పోయింది. మేం ఎనుక వడ్డం. గంతేనా?"

అదృష్టం బాగుండి (ఈ మాట వాడినందుకు నా హేతువాద మిత్రులు మన్నించాలి) పల్లికాయ బస్తాలతో ఎడ్లబండి ఒకటి వచ్చింది. ఆ రైతు మారుమాట లేకుండా బస్తాలు రోడ్డు పక్కన దింపాడు. పిల్లను అందులోకి మార్చాం. చాచా మోటారు దగ్గర ఉండిపోయాడు. నేను వాగు దాటేచోట, గట్టు ఎక్కేచోట బండిని వెనకనుంచి తోస్తూ నడిచాను. దారి పొడవునా అవ్వ ఒకే మాట: "కండ్లు ముయ్యకు బిడ్డా, నా దిక్కు చూడు, నా దిక్కే చూడు." ఆ పిల్ల కళ్లు మాత్రం మూతపడుతూనే ఉన్నాయి.

డాక్టరు లోపలికి తీసుకుపోయాడు. మేం బయట కూర్చున్నాం. చాలాసేపటికి పసివాడి ఏడుపు వినిపించింది. డాక్టరు చెమట తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరూ దక్కారనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదనీ గట్టిగా చెప్పాడు. నేను ఆయన గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే.

అప్పుడు వరండాలోకి గడియల సాబ్ వచ్చాడు. చేతిలో పంచాంగం, మొహంలో వెలుగు.

"చూసినవా లెక్చరర్ సాబ్! బండి పంక్చరు గాకుంటే పోరడు చెడ్డ గడియల పుట్టుతుండె. గిప్పుడు రాజయోగంల పుట్టిండు. స్టెప్నీ లేకపోవుడే దేవుని మాయ! ఇగ శాస్త్రం అబద్ధమని అను, చూస్త!"

నేను నోరు తెరిచాను. చార్వాకుల దగ్గరనుంచి మొదలుపెట్టి గ్రహగతుల దాకా నడిచే గొప్ప ఉపన్యాసం ఒకటి నాలో తయారవుతోంది. మొదటి వాక్యం కుదిరేలోగానే అవ్వ లేచింది. గేటు దాటింది. పాన్ డబ్బా దగ్గర స్టెప్నీ మీద కూర్చున్నవాణ్ని లేపింది. "అవ్వా, గది సర్కార్ది!" అని డబ్బావాడు అరుస్తున్నా వినకుండా, దాన్ని నిలబెట్టి, వంగి, సడక్ మీదుగా దొర్లించుకుంటూ వచ్చింది. రెండుచోట్ల అది పడిపోయింది. రెండుసార్లూ లేపింది. తెచ్చి గడియల సాబ్ కాళ్ల ముందు పడేసి, చేతికంటిన పసుపు ఆయన తెల్ల ధోవతికి తుడిచింది.

"ఇగో, నీ బండి ఇప్పుడు తిరిగొచ్చింది. రాస్కో," అంది. "మల్ల గీ చక్రం గేటు దాటిందని నాకు ఎరుకైతే, మా మందనంతా నీ ఇంట్లకు తోల్త. గొర్లకు గడియలు ఉండవు కొడుకా."

మరునాడు స్టెప్నీ బండికే ఉంది. పంచాంగం కూడా సొరుగులో అడుగుకు పోయింది. హేతువాదం గెలిచిందని మిత్రులకు రాద్దామని కూర్చుని, కలం కదలక ఊరుకున్నాను. గెలిచింది గొర్రెల భయం.

వెక్కిరిస్తే మూఢత్వం సిగ్గుపడి చస్తుందని నమ్మిన ఆ కుర్రవాడు నాకిప్పటికీ కళ్లకు కడుతున్నాడు. వరండాలో నోరు తెరుచుకుని నిలబడి, అద్భుతమైన మొదటి వాక్యం కోసం వెతుక్కుంటున్నాడు. ఎదురుగా ఒక ముసలావిడ తనకంటే బరువైన చక్రాన్ని రెండోసారి లేపుతోంది. ఉపన్యాసం తర్వాత చెప్పుకోవచ్చు, ముందు పోయి ఒక చెయ్యి వెయ్యరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. అప్పట్లో వాడు ఎవరి మాటా వినేవాడు కాదు.