హోల్కోమ్ కార్ల లవీనా

ఇండియానాలోని మా ఊళ్ళో గుర్రబ్బళ్ళకు మెత్తలు కుట్టే లవీనా క్రెబ్స్‌కు చెయ్యి ఎంత నాజూకో నోరు అంత పదును. 1906లో ఆమె యజమాని ఎజ్రా హోల్కోమ్ బళ్ళు మానేసి కార్లు మొదలుపెట్టాడు. మెత్తలు అవే, చక్రాలూ అవే. గుర్రం పోయి, సీటు కిందకు ఇంజను చేరింది.

నడపడమే ఎవరికీ పట్టుబడలేదు. గుర్రాలు తోలి ముదిరిన మగవాళ్ళు కంగారు పుట్టగానే బ్రేకు సంగతి మరచి, స్టీరింగును కళ్ళెంలా గుంజి "హో, హో" అనేవారు. జిల్లా సంతలో హోల్కోమ్ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ అలాగే అరుస్తూ కారును వంటల పోటీ బల్లల మీదికి ఎక్కించాడు. సీటు ఎలా ఉందో చూడ్డానికి వచ్చిన లవీనా అతణ్ణి పక్కకు జరిపి, మీట లాగి, కారును బయటికి తెచ్చింది. ఆమె ఎన్నడూ గుర్రం తోలలేదు. అదే కలిసొచ్చింది.

మర్నాటి నుంచి ఊరూరా కారు నడిపి చూపించే పని ఆమెదే. ఆడమనిషే నడుపుతుంటే మనకేం రోగమని రైతులు ఎగబడి కొన్నారు. మూడేళ్ళలో మూడు వందల కార్లు అమ్ముడుపోయాయి. ఒకటే లోపం. ముందు గేరులో అది మెరక ఎక్కదు, వెనక గేరుకే బలం ఎక్కువ. ఆదివారం చర్చి గుట్ట మీదికి హోల్కోమ్ కార్లన్నీ వెనక్కి తిరిగి ఎక్కేవి. వెంట నడిచొచ్చేవాళ్ళతో దారి పొడుగునా ముఖాముఖి తప్పేది కాదు.

"ఆ గేరు మార్పించండి, అయ్యగారూ. ఎనిమిదేళ్ళుగా మాటల్లేని మా వదినతో కూడా మాట్లాడాల్సొచ్చింది" అంది లవీనా.

"మంచిదేగా, కుటుంబాలు కలుపుతున్నాం" అన్నాడు హోల్కోమ్.

ఈలోగా డెట్రాయిట్ నుంచి సగం ధరకే, గుట్టను తిన్నగా ఎక్కే కారు వచ్చింది. హోల్కోమ్ అందుకు జవాబుగా తన కారుకు ఇత్తడి పూలకుండీ బిగించాడు. 1911లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ రోజు లవీనా కుట్టుమిషను మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు గానీ, ఎవరినీ ఒక్క మాట దెప్పలేదు. బాధెంతో మాకు దాన్నిబట్టే తెలిసింది.

తర్వాత ఇంటి ముందు గదిలోనే డెట్రాయిట్ కార్ల చిరిగిన సీట్లు కుట్టడం మొదలుపెట్టింది. ఒక వేసవిలో హోల్కోమ్ నెత్తిన సీటుతో, చెమటలు కక్కుతూ వచ్చాడు. తను కొన్న డెట్రాయిట్ కారును ఎవరి కంటా పడకుండా రెండు వీధుల అవతల ఆపాడట.

"ఏమాటకామాటే చెప్పు లవీనా, మన కుట్టుకు ఇది సాటొస్తుందా?"

"రాదండీ. కారు మాత్రం నడుస్తోంది కదా?"

ఆయన నవ్వాడు. ఆమె ఆయనకు కాఫీ ఇచ్చి, సీటంతా విప్పి మళ్ళీ కుట్టింది.