ఒక్క చుక్క పెయింటు పడకుండా సిరిసిల్ల దాకా

పాత బండిలో కోరుట్ల నుంచి సిరిసిల్లకు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా పేరు చెప్పను. జగిత్యాలలో ఉంటాను, పదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. అంతవరకు చాలు. ఈ బ్లాగు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా తాత బీడీ ఆకు వ్యాపారం చేసే రోజుల్లో ఒక డాక్టరు దగ్గర కారు కొన్నాడు. యాభైల మొదట్లో వచ్చిన బండి, గుడ్డ టాపును వెనక్కి మడిచి పెట్టుకునే రకం. లేత ఆకుపచ్చ రంగు, అది కూడా కంపెనీ వేసి పంపిన రంగే. సీట్ల తోలు, స్టీరింగు, నంబర్ ప్లేటు, ఏదీ మార్చలేదు. తాతకు చూపు తగ్గాక అది కోరుట్లలో మహబూబ్ చాచా షెడ్డులోనే ఉండిపోయింది. దానికి డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. ఈ మధ్య మా బాపు దాన్ని ఒక పెళ్లి బ్యాండు ఆయనకు ఇప్పిస్తానని మాటిచ్చేశాడు. ఆయన దానికి ఎర్ర రంగు వేసి, చుట్టూ బల్బులు పెట్టి పెళ్లికొడుకులను ఊరేగిస్తాడట. శుక్రవారం వచ్చి తీసుకుపోతానన్నాడు. అది విన్న రోజు తాత అన్నం సగంలో వదిలేసి లేచాడు.

మర్నాడు నేను ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఇంగ్లీషులో ప్రకటన పెట్టాను. విదేశాల వాళ్లు రాసినవి చూసి, "ఆల్ ఒరిజినల్" అని నేనూ రాశాను. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. "ఆల్ ఒరిజినల్ అంటే మొత్తం ఒరిజినలేనా బిడ్డా? ఒక్క చుక్క కొత్త పెయింటు కనవడ్డా నాకద్దు" అన్నాడు. మొత్తం ఒరిజినలే అన్నాను. ఆయన కొనకపోతే శుక్రవారం ఎర్ర రంగు ఖాయం.

తాతను కోరుట్లలో కంటి డాక్టరుకు చూపించుకొస్తానని అమ్మకు చెప్పి బుధవారం ఉదయం బయల్దేరాం. తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె వల్ల బడులు లేవు, బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. కోరుట్లకు షేర్ ఆటోయే గతి. మామూలుగా ఇరవై రూపాయలు, సమ్మె రోజుల్లో నలభై. ఆటో నంబర్ ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు కొట్టేసి, పక్కన టీజీ అని రాసి ఉంది. తడి ఇంకా ఆరలేదు.

"ఎవరు రాసిండ్రు అన్నా?" అని అడిగాను.

"అందరు రాస్తుండ్రు. రాస్తరోకో కాడ బండి ఆగిందా, డబ్బ పట్టుకొని తయారు. తెలంగాణ సర్కారు రాసేదాంక ఎవరాగుతరు?" అని డ్రైవరు నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మేం పోయే దారిలోనూ రాస్తరోకోలు ఉంటాయి. డబ్బాలూ ఉంటాయి.

మహబూబ్ చాచా అప్పటికే కారును షెడ్డు బయట నిలబెట్టి టాపు మడిచి పెట్టాడు. తాత ముందు సీట్లో కూర్చుని తలుపును ఒకసారి అరచేత్తో తడిమాడు. "సేఠ్, మెల్లగ పోదాం. నలభై దాటితే నారాజ్ అయితది" అన్నాడు చాచా. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. కొత్త బండికి రెండు గంటలు చాలు, మాకు పూట పట్టింది. కథలాపూర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న. టాపు లేని కారులో కూర్చుంటే చేను వాసన నేరుగా ముఖానికి తగులుతుంది. స్కార్ఫ్ తప్పక కట్టుకోండి. నేను కట్టుకున్నది దుమ్ముకు కాదు, తెలిసినవాళ్లు గుర్తుపట్టకుండా.

రుద్రంగి దాటిన కాసేపటికి రోడ్డు మధ్యలో మూడు రాళ్ల పొయ్యిలు కనిపించాయి. వంటావార్పు. రోడ్డు మీదే అన్నం వండి, అక్కడే కూర్చుని తిని నిరసన చేస్తున్నారు. చాచా ఇంజిన్ ఆపాడు. తెల్ల పెయింటు డబ్బా పట్టుకుని ఒక అన్న నేరుగా మా కారు ముందుకు వచ్చాడు. బ్రష్షు ముంచి కిందికి వంగాడు.

"గిదేంది? గీ ప్లేటుకు ఏపీ లేదేంది?" అన్నాడు.

ఇంకొకాయన వచ్చి చూశాడు. "హెచ్‌వై అని ఉన్నది. హర్యానా బండా?"

"హర్యానా ఏందయ్యా! నీకు నేను హర్యానోని లెక్క కొడుతున్ననా?" అని చాచా కోపంగా దిగబోయాడు. కొట్లాట అవుతుందేమోనని ముందు నేనే దూకాను. ఎందుకు దూకానో ఇప్పటికీ తెలియదు.

"అన్నా, హెచ్‌వై అంటే హైదరాబాద్ స్టేట్. ఆంధ్రల కలువక ముందటి నంబర్ ఇది. దీనికి ఏపీ ఎన్నడూ లేదు."

డబ్బా అన్న వంగి ప్లేటును ఇంకోసారి చూశాడు. తర్వాత గట్టిగా కేక వేశాడు. "అరే, ఇటు రాండ్రి! మనం ఇయ్యాల రాస్తున్నం, గిది మనకంటే ముందుగాల్నే తయారై వచ్చింది!" అందరూ కారు చుట్టూ మూగారు. గండం గడిచిందనుకున్నాను. ఆయన సంతోషం ఆపుకోలేక బ్రష్షు మళ్లీ ముంచి, తలుపు మీద పొడుగ్గా జై తెలంగాణ రాయబోయాడు.

నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. "వద్దన్నా! అన్ని బండ్ల మీద ఎందుకు రాస్తున్నరు, ఏపీ ఉన్నదనే గదా. దీని మీద లేదు. ఇన్నేండ్లు ఎవ్వరూ మార్చలేదు. ఇప్పుడు మనమే మారుస్తమా?"

"అబ్బో, ఇంగ్లీష్ మీడియం పోరి అసెంబ్లీల మాట్లాడినట్టే మాట్లాడుతున్నది" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బ్రష్షు మాత్రం ఇంకా గాల్లోనే ఉంది. చివరి నుంచి ఒక తెల్ల చుక్క జారి నా చెప్పు మీద పడింది.

పప్పుచారు కలుపుతున్న ఒకామె గరిటె పట్టుకుని వచ్చింది. "ఓ పిలగా, పొద్దటి సంది రాసుడే గని ఒక్క కట్టె తెచ్చినవా? ఆ డబ్బ అవతల పెట్టి ఇస్తార్లు వెయ్యిపో. బిడ్డ, నువ్వు తిన్నవా?"

ఆ అన్న డబ్బా పక్కన పెట్టి విస్తర్ల వైపు నడిచాడు. నేను తినలేదన్నాను. రోడ్డు మీదే కూర్చుని అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు తిన్నాం. తాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. వెళ్లేటప్పుడు ఆమె బానెట్ మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఆమె దగ్గరికి పరుగెత్తాను. "అమ్మమ్మా, తుడిస్తే పోతదా?"

"పోకేం బిడ్డా, నా ముఖం మీదిది పోతలేదా?"

వేములవాడ దాటి, ఎండ తగ్గేసరికి సిరిసిల్ల చేరాం. ఊళ్లోకి రాగానే మగ్గాల చప్పుడు ముందు వినిపిస్తుంది, ఇళ్లు తర్వాత కనిపిస్తాయి. కొనే ఆయన లుంగీ మీదే బయటికి వచ్చాడు. నమస్కారం పెట్టి, మరో మాట లేకుండా కారు కిందికి దూరాడు. టార్చి వేసి చూశాడు, వేళ్లతో తట్టాడు, ప్లేటు మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. బానెట్ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"గిదేంది?"

చాచా రుద్రంగి దగ్గర జరిగిందంతా చెప్పాడు. హర్యానా దగ్గర మళ్లీ కోపం తెచ్చుకున్నాడు. కొనే ఆయన విని, గోటితో బొట్టు అంచును మెల్లగా గీకాడు. కింద లేత ఆకుపచ్చ అలాగే ఉంది. "మొత్తం ఒరిజినలే" అన్నాడు. బొట్టు మాత్రం తుడవలేదు.

ధర చెప్పను. తాత ఒక్కటే అడిగాడు. "రేపు తెలంగాణ వచ్చినంక ప్లేటు మార్చుమంటే ఏం జేస్తవు?"

"మీ మనుమరాలిని తోల్కపోయి ఆఫీసుల నిలవెడ్త" అన్నాడాయన.

తాత తాళం చెవి ఇచ్చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు వేములవాడలో ఆటో మారాం. మనిషికి వంద దాకా అయింది. ఇంటికి రాగానే అమ్మ, "డాక్టర్ ఏమన్నడు?" అని అడిగింది. "కండ్లు ఒరిజినలేనట, మార్చద్దన్నడు" అన్నాడు తాత, కాళ్లు కడుక్కుంటూ. ఎల్లుండి బ్యాండు ఆయన వస్తాడు. తర్వాత తాత నాతో, "మీ బాపుకు నేనే చెప్పుకుంట, బండి నాది" అన్నాడు.

ఒరిజినల్ అన్న మాటను ప్రకటనలో రాసినప్పుడు పాత సామాన్లు అనే అనుకున్నాను. రుద్రంగి రోడ్డు మీద తలుపుకు ఆనుకుని నిలబడ్డప్పుడే దాని బరువు తెలిసింది. నాకు ఇప్పటికీ చాలావాటికి భయమే. కానీ ఆ భయంతోనే కారు దిగొచ్చని తెలిసింది. చెప్పు మీది తెల్ల చుక్కను గీకలేదు.

ఒక్క సలహా. వంటావార్పు దగ్గర బండి ఆగితే హారన్ కొట్టకండి, ఇంజిన్ ఆపి దిగండి, పెట్టింది తినండి. పెరుగు మాత్రం వెంట తీసుకెళ్లండి, అక్కడ దొరకదు.