తలుపు మూస్తే పెరిగే మెమరీ

నిరుడు వానాకాలం. శంషాబాద్‌లో, విమానాశ్రయానికి దగ్గర్లోని ఒక మందుల గోదాములో కంప్యూటర్లను చూసుకునే పని మా చిన్న కంపెనీది. విమానం ఎక్కాల్సిన టీకాలను అక్కడి చల్లగదిలో ఉంచేవారు. గదిలో వేడి పెరిగితే అలారం మోగించాల్సిన కంప్యూటరే వారం తిరక్కుండా బిగుసుకుపోయేది.

గోదాము సూపర్‌వైజర్ యాదగిరిది మామిడిపల్లి. ఆగిన ప్రతిసారీ నాకే ఫోన్ చేసేవాడు.

"అక్కా, మళ్ల ఆగింది. గిట్ల ఎన్నిసార్లు బంద్ చేసి చాలు చెయ్యాలె? అది లేచేదాంక అలారం మోగది. టీకాలు ఖరాబైతే నన్నే పట్టుకుంటరు."

మా మేనేజర్ ప్రసాద్ గారికి చెబితే, "రీస్టార్ట్ చేస్తే పనిచేస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి?" అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

దోషి ఎవరో తెలుస్తూనే ఉంది: ప్యాకేజ్ మేనేజర్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కావలసిన ప్రోగ్రాములను తెచ్చి ఎక్కించే సాఫ్ట్‌వేర్ అది. కొత్త అప్‌డేట్లు వచ్చాయేమోనని మాటిమాటికీ చూస్తుంటుంది. అందుకోసం కంప్యూటర్ నుంచి మెమరీ తీసుకుంటుంది, పనయ్యాక తిరిగి ఇచ్చేయాలి. ఇది తీసుకోవడమే గానీ ఇవ్వడం లేదు, చివరికి మెమరీ అంతా అయిపోయి కంప్యూటర్ ఆగిపోతోంది. మెమరీ లీక్ అంటే ఇదే. కానీ ఆఫీసులో అదే ప్రోగ్రామును రోజుల తరబడి నడిపితే బుద్ధిగా అంతా తిరిగి ఇచ్చేసేది. "చూశారా, మన దగ్గర బాగానే ఉంది" అని ప్రసాద్ గారు. గోదాములో మళ్లీ అదే గోల.

విసిగిపోయి, ఒకరోజు బడంగ్‌పేట్‌లోని మా ఇంటి నుంచి నేరుగా గోదాముకే వెళ్లాను. చల్లగది ముందున్న ఇరుకు అరలో కంప్యూటర్ ముందు కూర్చుని, ప్యాకేజ్ మేనేజర్ వాడుతున్న మెమరీ అంకెనే చూస్తున్నాను. యాదగిరి వచ్చి ఆ అర ఇనుప తలుపు మూశాడు. వైఫై పోయింది. అప్‌డేట్ల కోసం వెళ్లిన ప్యాకేజ్ మేనేజర్ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. అంకె పెరిగింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ పెరిగింది.

"అన్నా, తలుపు మూస్తే నెట్ పోతున్నది!"

"అయితే ఏంది, తెరిచి పెట్టమంటవా? లోపల సల్లదనమంత పోతది అక్కా!"

"వద్దన్నా, మూసే ఉంచు. తప్పు నీ తలుపుది కాదు."

ఆఫీసుకొచ్చి కంప్యూటర్ నెట్ కేబుల్ పీకేశాను. వెంటనే లీక్ కనబడింది. కోడ్ తెరిచి చూస్తే, పని సవ్యంగా ముగిసినప్పుడే మెమరీ వదిలే ఏర్పాటు ఉంది. నెట్ అందకపోతే ప్రోగ్రాము మధ్యలోనే వెనుదిరిగేది, అప్పటిదాకా పేర్చుకున్న ప్యాకేజీల జాబితా మెమరీలో అలాగే పడి ఉండేది. రెండు లైన్లు రాస్తే సరిపోయింది.

"రెండు లైన్లేనా? దీనికా ఇంత హడావుడి!" అన్నారు ప్రసాద్ గారు.

సరిచేసిన ప్రోగ్రామును గోదాములో ఎక్కించి, నేనే తలుపు మూసి కూర్చున్నాను. అంకె పెరిగింది, దిగింది. యాదగిరి నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇగ జర నిమ్మళంగ అన్నం తింట అక్కా."

ఆ ప్రోగ్రాము రాసినవాళ్లూ, పరీక్షించిన మేమూ పని జరిగే దారినే చూశాం. పని చెడినప్పుడు అది ఎలా వెనక్కి వస్తుందో ఎవరమూ చూడలేదు. ఇప్పుడు నా చేతికి ఏ ప్రోగ్రాము వచ్చినా ముందు కేబుల్ పీకుతాను. బాగుందో లేదో ఆ తర్వాతే చెబుతాను.